తొంభై నాలుగు అడుగులు

ఈ మధ్య ఫోను మోగితే ఎత్తకముందే వయసులు లెక్క వేసుకుంటాను. పోయిన గురువారం పొద్దున ఆరూ పదికి మోగినప్పుడూ అదే చేశాను. అవతల అమ్మణ్ణి. "అక్కా, ఆయన పోయినాడు. నిద్దట్లోనే" అంది. ఎనభై తొమ్మిదేళ్ల రెండు నెలలు అనుకున్నాను. ఇద్దరం ఏడవలేదు. ఎవరెవరు వచ్చారో, ఎన్నింటికి ఎత్తుతారో చెప్పి ఆమె పెట్టేసింది. నేను వెళ్లలేకపోయాను. మెట్లు దిగి ఎక్కడం నాకిప్పుడు ఒక పూట పని.

చిత్తూరులో ఆయనా, ఆయన భార్య అమ్మణ్ణీ మా పక్కవాటాలో ఉండేవాళ్లు. పదిహేడేళ్లు ఒకే గోడకు అటూ ఇటూ ఉన్నాం. నేను బాలికల హైస్కూల్లో లెక్కల టీచరును. ఆయన బస్సు డ్రైవరు. చిత్తూరు నుంచి పూతలపట్టు మీదుగా తిరుపతికి, మళ్లీ వెనక్కు. ఆ వరుసలో ఎనిమిది ఇళ్లవాళ్లమూ ఆయన్ను డ్రైవరన్నా అనే పిలిచేవాళ్లం. పేరు పెట్టి పిలిచినవాళ్లు ఎవరూ నాకు గుర్తు లేరు.

బండి ఎక్కేముందు ఆయన దాని చుట్టూ ఒకసారి నడిచి, ఆరు టైర్లనూ అరచేత్తో కొట్టేవాడు. కొట్టి, తల పక్కకు వంచి వినేవాడు. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. మా వరుసలో ఎవరు ఏ వస్తువు కొనాలన్నా ముందు ఆయనకు చూపించాలి. సైకిలు, టేబుల్ ఫ్యాను, ప్రెషర్ కుక్కరు, ఏదైనా సరే, ముందు అరచేత్తో ఒక దెబ్బ, తల వంచి వినడం. చూడటం ఆ తర్వాత. మా ఇంటికి ఫ్రిజ్ తెచ్చిన రోజు దాని వీపు మీద కూడా కొట్టాడు. దుకాణం మనిషి బిత్తరపోయాడు.

చూసినాక ఆయన తీర్పు ఎప్పుడూ ఒకే రకం మాటల్లో ఉండేది. "లోపం లేదు, తీసుకోండి." లేకపోతే "లోపం ఉండాది, రాసుకోండి." అది డిపో భాష. డ్యూటీ దిగే డ్రైవరు ఆ రోజు బండిలో ఏ లోపం కనిపించిందో డిపోలో ఒక పుస్తకంలో రాసి కింద సంతకం పెట్టాలి. లోపం లేకపోతే లేదని రాసి అయినా సంతకం పెట్టాలి. మరునాడు ఆ బండి ఎక్కేవాడు ఆ సంతకాన్ని నమ్మి ఎక్కుతాడు.

"పులుసులో ఉప్పు తక్కువని సెప్పడక్కా ఈ మనిషి" అనేది అమ్మణ్ణి. "లోపం రాసుకో అంటాడు. ఇరవై ఆరేండ్లుగా రాసుకుంటా ఉండాను, ఒక్కటీ రిపేరీ కాలేదు."

ప్రతి ఏప్రిల్‌లో పరీక్ష పేపర్లు దిద్దడానికి నేను తిరుపతి వెళ్లేదాన్ని. వీలైతే ఆయన బస్సే ఎక్కేదాన్ని. ఇంజను పక్కనున్న సీటు నాకు ఆపేవాడు. దారిలో ఎక్కువ మాట్లాడేవాడు కాదు. కుర్ర డ్రైవరు ఎవడైనా మమ్మల్ని దాటి ముందు లారీకి ఆనుకుని పోతే మాత్రం తప్పకుండా అనేవాడు. "నడిపేదానికి ఏముండాది టీచరమ్మా, ఎవురైనా నడుపుతారు. అరవైలో పొయ్యే నిండు బండి నిలబడాలంటే నూటయాభై అడుగులు గావల. ఆ నూటయాభై ఎప్పుడూ నా ముందర ఖాళీగా ఉండాల. అంతే నా పని." తొమ్మిది ఏప్రిళ్లలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క పెట్టలేదు. పెట్టి ఉండాల్సింది.

ఎనభై ఐదు మార్చిలో డ్రైవర్లకు మామూలుగా చేసే కంటి పరీక్షలో ఆయన తప్పాడు. అద్దాలతో బాగయ్యేది కాదన్నారు. స్టీరింగు మీద నుంచి దించారు. పై డాక్టరు దగ్గర ఇంకొక్క పరీక్షకు అవకాశం ఇచ్చారు. తిరుపతిలో, మే ఇరవై రెండు, బుధవారం. అందులో నెగ్గితే మళ్లీ బస్సు, లేకపోతే డిపోలో ఏదో ఒక మూల కూర్చునే పని. ఆయనకు అప్పటికి నలభై తొమ్మిది.

ఏప్రిల్ అంతా సాయంత్రాలు గోడ అవతల నుంచి ఆయన గొంతు వినిపించేది. ఇంగ్లీషు అక్షరాలు. "ఈ. ఎఫ్, పీ. టీ, ఓ, జెడ్. ఎల్, పీ, ఈ, డీ." ఆగి, మళ్లీ మొదటి నుంచి. బండి విడిభాగాల నంబర్లేమో అనుకున్నాను. నెలాఖరున చత్వారం అద్దాల కోసం నేనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఎదురుగా గోడకు అట్ట. పైన పెద్ద ఈ. దాని కింద ఎఫ్, పీ. ఆ కింద టీ, ఓ, జెడ్. డాక్టరు చదవమంటే, గోడ అవతల విన్న వరసలోనే చదివాను.

తోటి డ్రైవరు ఎవరో రాసిచ్చి ఉంటారు. అది ఆయన నోటికి వచ్చేసింది. బుధవారం నాడు తిరుపతిలో గడగడా చెప్పేస్తాడు. జూన్ నుంచి మళ్లీ పూతలపట్టు మలుపులో యాభై మందిని వెనక కూర్చోబెట్టుకుని వస్తాడు. ఇంటికి వచ్చి నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని రోజూ అనుకున్నాను. ఆయన చేతిలోంచి బస్సు తీసేశాక ఆయన ఎట్లా నడుస్తున్నాడో రోజూ చూసేదాన్ని. చేతులు ఏం చేయాలో తెలియని మనిషిలా నడిచేవాడు.

అప్పుడు వచ్చింది ఆ బొమ్మ కారు. బంగారుపాళ్యం నుంచి ఒకాయన తెచ్చాడు. అతను కువైట్‌లో ఒక ఇంట్లో కారు నడిపి తిరిగి వచ్చినవాడు, డ్రైవరన్న బస్సులో పాత ప్యాసింజరు. ఆ ఇంటి పిల్లలకు అట్లాంటి కార్లు రెండుండేవట. ఒకటి ఖరీదైనది, ఇది చవకది. చవకది విసుగొచ్చి ఇతనికి ఇచ్చేశారు. తనకు అక్కరలేదు, అమ్మేస్తానన్నాడు.

బొమ్మ అంటే కీ ఇచ్చేది కాదు. నిజం ఇంజను ఉంది, నిమ్మకాయంత. పొడవు పద్దెనిమిది అంగుళాలు, పసుపు రంగు. మా కిరాణా కొట్టు తక్కెడలో మూడు కిలోల నూట యాభై గ్రాములు తూగింది. దాని టైర్లకు ముళ్లలాంటి రబ్బరు గుబ్బలున్నాయి. స్పిరిటు, ఆముదం, ఇంకేదో మందు కలిపిన నూనె పోయాలి. మద్రాసులో విమానం బొమ్మలు ఎగరేసేవాళ్ల దగ్గర ఒక డబ్బా తెచ్చాడతను. తాడు లాగితే ఇంజను మొదలవుతుంది. నడిపేవాడు దూరంగా నిలబడి చేతిలో రేడియో పెట్టె పట్టుకోవాలి. ఆ పెట్టె పక్కన బిస్కెట్టంత స్టీరింగు చక్రం.

డ్రైవరన్న ఆ చక్రాన్ని రెండు వేళ్లతో పట్టుకుని ఇటూ అటూ తిప్పాడు. కారు ముందు చక్రాలు తిరిగాయి. మళ్లీ తిప్పాడు. ఆ తర్వాత కూర్చుని, దాని టైరును చూపుడువేలితో కొట్టి, తల వంచి విన్నాడు.

"మూడు ఆదివారాలు సూసి సెప్తానప్పా" అన్నాడు.

"మూడా? అన్నా, నేను లారీ అమ్మినా ఇంత సూడరు" అన్నాడు కువైట్ మనిషి.

"లారీ అయితే ఒక్కరోజు సాలు. ఇది నాకు తెలీని బండి."

ఎంత అని అడగలేదు. అతను చెప్పిన ధర విని తలూపాడు. వంకాయలకు పావుగంట బేరమాడే మనిషి. అది నాకు అప్పుడే తేడాగా అనిపించింది.

నా దగ్గరికి వచ్చి, "రాసేవాళ్లు ఒకరు గావల టీచరమ్మా. డిపోలో అయితే పుస్తకం ఉండాది. ఈడ మీరే పుస్తకం" అన్నాడు. వేసవి సెలవులు కాబట్టి మా స్కూలు గ్రౌండు ఖాళీ. హెడ్మిస్ట్రెస్‌ను అడిగి తాళం తెచ్చాను.

మే ఐదు, మొదటి ఆదివారం, పొద్దున ఆరున్నర. అమ్మణ్ణి ఒక నిమ్మకాయ తెచ్చింది, కొత్త బండి చక్రం కింద పెట్టి తొక్కించడానికి. కారు పక్కన పెడితే అది దానికి అడ్డుబండలా ఉంది.

"సగానికి కొయ్యి వదినా" అన్నాడు కువైట్ మనిషి.

"కొన్నాక నిమ్మకాయ" అన్నాడు డ్రైవరన్న. "ఇంకా కొన్లేదు కదా. కొంగున కట్టి పెట్టుకో."

తాడు తొమ్మిదిసార్లు లాగితే ఇంజను పట్టింది. కందిరీగల తుట్టె కదిలించినట్టు ఒకటే రొద. వెనకనుంచి తెల్లటి పొగ, కాలిన ఆముదం వాసన. నూనె ట్యాంకును స్కూలు ల్యాబు కొలజాడీతో కొలిచాను. నూట ఇరవై మిల్లీలీటర్లు. ఒక ట్యాంకుకు ఏడు నిమిషాల నలభై సెకన్లు నడిచింది. ఒక స్ప్రింగు దగ్గర నూనె కారుతుంటే కువైట్ మనిషి బిగించాడు. అన్నీ రాశాను.

మన నుంచి దూరంగా పోతున్నంతసేపూ కారు ఆయన చెప్పిన మాట విన్నది. తిరిగి మన వైపు వచ్చేటప్పుడు మాత్రం ఆయన కుడికి తిప్పితే అది మన ఎడమకు పోయేది. కారుకు అది కుడే. ఎదురుగా నిలబడిన మనకు ఎడమ. ఇరవై రెండేళ్లు బండిలో కూర్చుని నడిపిన చేతులకు ఆ తలకిందుల లెక్క ఎక్కలేదు. కారు పోయి వాలీబాల్ కంబానికి కొట్టుకుంది, రెండుసార్లు.

"చెయ్యి తిరగేసి ఆలోచించన్నా" అన్నాడు కువైట్ మనిషి.

"ఎదురుగా వచ్చే బండిని నేనెప్పుడూ నడపలేదప్పా" అన్నాడాయన. "దాన్ని తప్పుకుని పోవడమే తెలుసు."

రెండో ఆదివారం, మే పన్నెండు, ఒక అద్దం తెచ్చాడు. డిపోలో పాత బస్సుకు తీసేసిన వెనక అద్దం, మూల విరిగింది. కారు దూరంగా పోయేవరకు మామూలుగా నడిపాడు. దాన్ని మన వైపు తిప్పగానే తాను వెనక్కి తిరిగి, కారుకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఎదురుగా అమ్మణ్ణి ఆ అద్దాన్ని ఆయన మొహం ముందు ఎత్తి పట్టుకుంది. అద్దంలో చూస్తూ నడిపాడు. కారూ ఆయనా ఒకే వైపు చూస్తున్నారు కాబట్టి కుడి కుడే, ఎడమ ఎడమే. కారు తిన్నగా వచ్చి ఆయన మడమల వెనక ఆగింది.

కువైట్ మనిషి నవ్వడం ఆపి, అరబ్బు పిల్లలకు కూడా ఈ యుక్తి తెలియదన్నాడు.

"పెండ్లిలో కూడా నా మొగం ఇంతసేపు సూళ్లేదక్కా" అంది అమ్మణ్ణి, చేతులు నొప్పెట్టి అద్దం దించుతూ. "ఇప్పుడైనా అద్దాన్నే సూసినాడు."

ఆ పూట ఆయన భుజాలు చూశాను. మార్చి తర్వాత మొదటిసారి అవి డ్రైవరు భుజాల్లా ఉన్నాయి. ఆ సాయంత్రం గోడ అవతల అక్షరాలు ఇంకా వేగంగా వినిపించాయి.

మూడో ఆదివారం, మే పందొమ్మిది. పరీక్షకు మూడు రోజులు. ఆ రోజు దూరం చూడాలన్నాడు. రేడియో ఎంతవరకు అందుతుందో తేలాలట. నేను టేపు పట్టుకుని, అమ్మణ్ణి తెచ్చిన ముగ్గుపిండితో ప్రతి పది అడుగులకూ ఒక అడ్డగీత పోశాను. రెండువందల యాభై అడుగుల దగ్గర ప్రహరీగోడ వచ్చింది.

"తిన్నగా పోనిచ్చి నూటయాభై గీత కాడ తిప్పుతా" అన్నాడు డ్రైవరన్న. "యాడ వంకర పోతాదో ఆడ రాయి పెట్టండి."

నూటయాభై. ఆ అంకె వినగానే నాకు అంతా తెలిసిపోయింది. మూడు ఆదివారాలుగా మేం తూకం వేస్తున్నది కారును కాదు. ఆయన తన చూపును నా చేత కొలిపించి రాయిస్తున్నాడు. చేతిలో ముగ్గుపిండి పళ్లెం అలాగే పట్టుకుని నిలబడిపోయాను. ఇప్పుడే చెయ్యి నొప్పి అని చెప్పి ఇంటికి పోతే బాగుండునని అనిపించింది.

మొదటిసారి కారు తొంభై గీత దాటి కాస్త దూరం పోయి, కుడికి వాలడం మొదలుపెట్టింది. ఆయన సరిచేయలేదు. రాయి పెట్టి కొలిచాను. తొంభై ఏడు. రెండోసారి తొంభై ఒకటి దగ్గర ఎడమకు, నీళ్ల కుళాయి వైపు మళ్లింది. అప్పుడు ఆయన మొహం చూశాను. కారు కుళాయి దగ్గర ఉంది. ఆయన కుడివైపు ఖాళీ నేల మీద కళ్లు నిలిపి, ఆ బిస్కెట్టు చక్రాన్ని నిదానంగా, జాగ్రత్తగా తిప్పుతున్నాడు. కువైట్ మనిషి పరిగెత్తి పోయి కారును పట్టుకున్నాడు. మూడోసారి తొంభై నాలుగు.

"సగటు ఎంత?" అన్నాడు.

"తొంభై నాలుగు."

ఆయన రేడియో పెట్టె వైపు చూశాడు. నేను అన్నాను, "రేడియో అంతవరకే అందుతుందేమో డ్రైవరన్నా. చవక బండి కదా."

కువైట్ మనిషి ఏదో చెప్పబోయాడు. నేను అతని వైపు చూశాను. అతను ఆగిపోయాడు. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో, లెక్క తప్పిన పిల్లకు జవాబు సరిపోయేలా లెక్కనే మార్చి చెప్పడం నాకు అదే మొదటిసారి. ఆ తర్వాత ఆ పని చేయలేదు.

డ్రైవరన్న పెట్టెను కువైట్ మనిషికి అందించాడు. "అబ్బా, నువ్వు పోనీ. ఈడనుంచే. నేను నిలబడిన కాణ్ణించే."

"ఎందుకులే అన్నా, నూనె కూడా అయిపోతా ఉండాది."

"పోనీ అంటి కదా."

అతను అక్కడే నిలబడి పోనిచ్చాడు. కారు వంద దాటింది, నూటయాభై దాటింది, రెండువందలు దాటి ప్రహరీగోడ దగ్గర గుండ్రంగా తిరిగి, గీతలన్నీ తొక్కుకుంటూ వెనక్కి వచ్చింది. డ్రైవరన్న కళ్లు మూసుకుని, తల పక్కకు వంచి విన్నాడు. రొద సన్నబడి, మళ్లీ పెరుగుతూ వచ్చి ఆయన కాళ్ల దగ్గర నిలిచింది. ఆయన కూర్చుని దాని టైరును వేలితో కొట్టాడు.

"ఇంజను మంచి ఇంజను" అన్నాడు. "రేడియోకూ ఏం లేదు. రాసుకోండి టీచరమ్మా. బండిలో లోపం లేదు."

రాశాను. "సంతకం పెట్టాల" అని చెయ్యి చాపాడు. పుస్తకం, పెన్నూ ఇచ్చాను.

"అయితే తీసుకుంటావా అన్నా?" అన్నాడు కువైట్ మనిషి, మెల్లగా.

"వద్దప్పా. ఎవురికైనా ధైర్నంగా అమ్ము. నేను సూసినానని సెప్పు."

అమ్మణ్ణికి అర్థమైందో లేదో ఆ రోజు తెలియలేదు. కొంగు ముడి విప్పి, ఆ ఆదివారానికని తెచ్చిన నిమ్మకాయ తీసి, మా ఇంట్లోనే కోసి, కువైట్ మనిషికి నిమ్మరసం కలిపి ఇచ్చింది. అతను తాగి, కారును గోనెసంచిలో చుట్టుకుని పదిన్నర బస్సుకు వెళ్లిపోయాడు. తర్వాత దాన్ని ఎవరు కొన్నారో నాకు తెలియదు.

బుధవారం పొద్దున ఏడింటికి వాకిలి ఊడ్చడానికి బయటికి వచ్చాను. తిరుపతి పరీక్షకు ఐదింటి బస్సు ఎక్కి ఉండాల్సిన మనిషి అరుగు మీద కూర్చుని సైకిలు ట్యూబుకు పంక్చరు వేస్తున్నాడు. నీళ్ల పళ్లెంలో ట్యూబు ముంచి, బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూడటం లేదు, చెవి పెట్టి వింటున్నాడు.

"పోలేదా డ్రైవరన్నా?"

"లేదు టీచరమ్మా."

కాసేపు ట్యూబును నొక్కాడు.

"ఆ అచ్చరాలన్నీ నోటికొచ్చేసినాయి" అన్నాడు. "ఇంక పొయ్యి ఏం సేసేది."

డిపోలో గేటు పని ఇచ్చారు. లోపలికి వచ్చే బండీ, బయటికి పోయే బండీ ఎన్నింటికి దాటిందో రాసుకునే పని. తొమ్మిదేళ్లు చేశాడు. మొదట్లో తానే రాసేవాడు, తర్వాత ఆయన చెబితే ఇంకొకరు రాసేవారు. బండి మలుపు తిరగకముందే చప్పుడు విని నంబరు చెప్పేవాడట. "క్లచ్చు పోతా ఉండాది, రాసుకో" అనేవాడట డ్రైవరు దిగకముందే. ఆగిన బస్సు టైరును తడుముకుని కొట్టకుండా గేటు దాటనిచ్చేవాడు కాదట. కొందరు కుర్రవాళ్లు నవ్వుకునేవారని అమ్మణ్ణి చెప్పింది. నవ్వినవాళ్లే బండిలో ఏదైనా శబ్దం వస్తే ముందు ఆయన దగ్గర ఆపేవారని కూడా చెప్పింది.

తొంభై మూడులో మేం ఆ ఇల్లు ఖాళీ చేశాం. తర్వాత ఏడాదికి ఒకసారో రెండుసార్లో ఫోను. ఆ ఆదివారాల మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

గురువారం ఫోను పెట్టేశాక ఇనప్పెట్టెలోంచి ఆ ఏటి పుస్తకం తీశాను. నా కళ్లకు ఇప్పుడు భూతద్దం కావాలి. మే పందొమ్మిది పేజీలో మూడు అంకెలు, వాటి కూడిక, మూడుతో భాగహారం, సగటు. దాని కింద నా చేతిరాతలో, బండిలో లోపం లేదు. సంతకం కోసం ఆ మాట కింద నేనొక గీత గీసి ఉంచాను. ఆ రోజు ఆయన పెన్ను తీసుకుని ఆగితే, ఇక్కడ అని ఆ గీత మీద వేలు పెట్టి చూపించాను. అయినా ఆయన సంతకం గీత మీద లేదు. దానికి రెండంగుళాలు పైన, నా అంకెల మీదుగా, కుదురుగా, ఒక్క అక్షరం కూడా తప్పకుండా ఉంది.